కాపలా అని పిలిస్తే

నేను ఒక ఫైలుని. తుప్పు పట్టను, అరగను, చెదలు తినవు. సముద్రం పక్కన ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. అక్కడ అమోనియా గ్యాసు మీద నిఘా పెట్టే కంప్యూటరులో నా కాపురం. నా పేరు కాపలా. ఒక మనిషి ప్రాణం ఆ పేరు దగ్గరే తడబడింది కాబట్టి, పేరు సంగతే చెబుతాను.

నన్ను రాసినవాడు భానోజీ. జీతానికి చేస్తూ కూడా పనిని ప్రేమించే పిచ్చివాళ్లు కొందరుంటారు, అలాంటివాడు. నన్ను తల్లిగా రాశాడు. తల్లి క్లాసు అంటారు వాళ్ల భాషలో. సైరన్ మోగించడం నాకొక్కదానికే నేర్పాడు. వేరే ఫైలులో నాకు ఇద్దరు పిల్లల్ని పుట్టించాడు. ఒకడు గ్యాసు చూస్తాడు, ఒకడు నీటిమట్టం చూస్తాడు. వాళ్లకి సైరన్ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. తమకు రాని పని పడితే పిల్లలు తల్లిని అడుగుతారు, తల్లి చేసిపెడుతుంది. మనుషుల్లో వారసత్వమంటే గట్ల దగ్గర తలలు పగలగొట్టుకోవడం. మాలో వారసత్వమంటే రాని పనికి పైకి చూడడం, అంతే. పైన ఉన్నది సొంత తల్లేనా అని మాత్రం పిల్లలు చూడరు.

చూడాల్సింది యంత్రం. అదెలా చూస్తుందో వినండి. కంప్యూటరు లేవగానే పిల్లల ఫైలు మొదటి వరసలో "కాపలాని తీసుకురా" అని ఉంటుంది. కంప్యూటరులో ఫైళ్లు దాచే అరల్ని గదులనుకోండి. యంత్రం మొదట ముందు గది వెతుకుతుంది, అక్కడ లేకపోతే లోపలి గదికి వస్తుంది. నేనుండేది లోపలి గదిలో. ఆ పేరుతో మొదట ఎవరు కనబడితే వాళ్లనే పట్టుకుపోతుంది. ఒకసారి తెచ్చి బుర్రలో పెట్టుకుందంటే, మళ్లీ ఆరిపోయి లేచేదాకా ఇంక వెతకదు.

ఆ ఫ్యాక్టరీలో ఇద్దరు నూకరాజులు. నూకాలమ్మ తల్లి పేరు పెట్టుకోని ఇల్లు ఆ పక్క తక్కువ. పెద్ద నూకరాజు కంప్రెసర్ గదిలో వాల్వులు తిప్పుతాడు. చిన్న నూకరాజు గేటు దగ్గర ఐసు దిమ్మలు లారీకెక్కిస్తాడు. మేనేజరు వీరభద్రం కేకేస్తే దగ్గరున్నవాడు పలుకుతాడు.

"ఏ నూకరాజునండీ?"

"పలికావుగా, నువ్వే రా. ఎవడైతే ఏటి, పనవ్వాలి గాని."

యంత్రానిదీ వీరభద్రం బుద్ధే.

అన్నీ సజావుగా నడుస్తుంటే రాసినవాడెందుకని భానోజీని తీసేశారు. ఆ తరవాత రంగుల స్క్రీను పెట్టడానికి లోహిత్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. అతను పరీక్ష చేసినప్పుడల్లా సైరన్ మోగేది, కూలీలు దిమ్మలు వదిలేసి గేటుకి పరిగెత్తేవాళ్లు. పెద్ద నూకరాజు తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు.

"బాబూ, ఉత్తినే ఇలా అరిపించేత్తే నిజంగా గేసు కొట్టిన్నాడు ఎవడూ కదలడండి. ఆ గదిలో ఎప్పుడూ కాస్త వాసన ఉంటానే ఉంటది. నేనా మోత నమ్ముకునే లోపలుంటన్నాను."

"సరే బాబాయ్, నా పని అయ్యేదాకా దాని నోరు నొక్కేస్తాలే."

నొక్కాడు. ముందు గదిలో ఇంకో ఫైలు పెట్టాడు. పేరు కాపలా. అందులోనూ నాలాంటి తల్లే ఉంది, కాకపోతే సైరన్ మోగించాల్సిన చోట "ఊరుకో" అని ఒక్క మాట. అసలు లేని పనిని అడిగితే యంత్రం గోల పెడుతుంది. పని ఉండి, అందులో చేసేదేమీ లేకపోతే నోరెత్తదు. మన ఆఫీసుల్లాగే.

లోహిత్ పరీక్ష వేరే ప్రోగ్రాము, ప్రతిసారీ కొత్తగా లేచి ముందు గదిలోదాన్నే పట్టుకుంటుంది. అలా పరీక్షలన్నీ చప్పుడు లేకుండా అయిపోయాయి. "సైరనోసారి మోగించు, సంతకం పెట్టేస్తా" అన్నాడు వీరభద్రం. మీట నొక్కారు. అసలు ప్రోగ్రాము ఎప్పటినుంచో ఆగకుండా నడుస్తోంది, దాని బుర్రలో ఇంకా నేనే ఉన్నాను. గొంతు చించుకుని మోగాను. పెద్ద నూకరాజు కూడా విని తలూపాడు. ఆ మోతే కొంప ముంచింది. లోహిత్ తన ఫైలు తీసెయ్యడం మరిచి బ్యాగు సర్దుకున్నాడు.

ఆ రోజునుంచి నా ఎదురుచూపంతా కరెంటు కోసమే. అది పోకూడదని. ఒక వానరోజున పోనే పోయింది. కంప్యూటరు ఆరిపోయి లేచింది. "కాపలాని తీసుకురా." లోపలి గదిలో నేను సిద్ధంగా ఉన్నాను. యంత్రం ముందు గదిలోనే ఆగి, అక్కడున్నదాన్ని పట్టుకుని వెనక్కి తిరిగింది. నా గుమ్మం తొక్కనే లేదు. స్క్రీను పచ్చగా వెలిగింది. ఆ పచ్చదనం కింద అందరూ టీలు తాగారు.

కొన్నాళ్లకి ఒక పొద్దున, కంప్రెసర్ వెనక పైపు అతుకు విడిచింది. గ్యాసు చూసే నా బిడ్డ తల్లిని పిలిచాడు, మోగించమని. పలికింది వేరే తల్లి. ఊరుకో. మళ్లీ పిలిచాడు. ఊరుకో. వాడు పిలుస్తూనే ఉన్నాడు.

ఘాటు గేటు దాకా వచ్చాక కూలీలు కళ్లు మండి, దగ్గుతూ బయటపడ్డారు. వీరభద్రం ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు.

"నూకరాజేడిరా? నూకరాజొచ్చాడా?"

"ఇక్కడే ఉన్నానండీ!" దగ్గరున్నవాడు పలికాడు.

"అమ్మయ్య, అందరూ వచ్చేశారు. తలుపులేసెయ్యండి, గాలి ఇటే కొడతంది."

తలుపులు పడ్డాయి. చిన్న నూకరాజు కళ్లు తుడుచుకుని చుట్టూ చూశాడు. "అయ్యా, మా పెద్దోడేడండీ?"

ఈసారి ఎవరూ పలకలేదు.

ఇప్పుడు నా కంప్యూటరు ఒక సర్కారు గదిలో, విరిగిన కుర్చీల మధ్య ఉంది. విచారణకని చదువుకున్నవాళ్లు వచ్చి నన్ను తెరిచారు. సైరన్ చోట రెండుసార్లు ఆగి చదివారు. "ఇందులో తప్పేం లేదే, శుభ్రంగా రాశాడు" అన్నారు. ముందు గదిలో ఉన్నదాని దగ్గరికొచ్చేసరికి, "కాపలానా, చూసేశాం కదా" అని తెరవకుండానే వదిలేశారు.

ఫ్యాక్టరీకి కొత్త కంప్యూటరు కొన్నారట. పాతదాంట్లోవి గదులు గదులుగా నకలు తీసి అందులో పెట్టారు. కంప్రెసర్ గదిలోకి ఇప్పుడు చిన్న నూకరాజుని వేశారు. స్క్రీను పచ్చగానే ఉందట.