నమూనాకి చిన్నవాడు

మొదట్లో టైల్స్ వ్యాపారి చేతిలో ఉన్నవి ఇవి: ఆరేళ్ళ కవల కొడుకులు ఇద్దరు, ఇద్దరికీ గజ్జల్లో హెర్నియా, ఒకే ఉదయం ఆపరేషన్. పెద్దవాడు దుకాణంలో కూర్చుని వచ్చినవాళ్ళని "రండి రండి, లోపల ఇంకా మంచివున్నాయి" అని పిలుస్తాడు. తన తర్వాత గల్లా దగ్గర కూర్చునేది వాడేనని తండ్రి ఎప్పుడో తేల్చుకున్నాడు. చిన్నవాడు తల్లిని వదలడు. వాడి గురించి ఇంకా ఏమీ తేల్చుకోలేదు.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరమ్మ వచ్చింది.

"పిల్లలు నిద్రపోయాక నడుము పక్కన ఒక ఇంజెక్షన్ ఇస్తానండీ. స్కాన్‌లో చూస్తూ నరాల పక్కన మందు వదులుతాం. లేచాక కొన్ని గంటలు కోసినచోట నొప్పి పెద్దగా తెలీదు."

"దీనికి విడిగా ఎంత?"

"ఏం లేదు. అందులోదే."

అక్కడే అతనికి అనుమానం వచ్చింది. ఊరికే వచ్చే సరుకును అతను జన్మలో నమ్మలేదు. పైగా నరాలంటోంది. కాలు పడిపోతే? కొత్త సరుకు దిగితే ముందు ఒక్క పెట్టె విప్పి చూడటం అతని పద్ధతి.

"చిన్నోడికి వేయండి. పెద్దోడికి వద్దు."

"అదేంటండీ? ఇద్దరిదీ ఒకటే ఆపరేషన్."

"ముందు ఒకడికి ఎలా ఉంటుందో చూద్దామని."

"చూసి ఏం చేస్తారు? మెలకువొచ్చాక ఈ సూదికి పిల్లలు కదలకుండా ఉంటారా? వేస్తే ఇప్పుడే వేయాలి."

"మా పెద్దోడు గట్టోడు లెండి."

"ఏమండీ," అంది భార్య, "వేయిస్తే ఇద్దరికీ వేయించండి."

"నువ్వూరుకో. నాకు నేర్పకు."

డాక్టరమ్మ మరోసారి నచ్చజెప్పింది. అతను వినలేదు. ఆకుపచ్చ గౌన్లలో మంచం మీద కాళ్ళూపుకుంటూ పిల్లలిద్దరూ అన్నీ విన్నారు.

ఆపరేషన్ అయ్యాక చిన్నవాడు కళ్ళు తెరిచి కాసేపు దిక్కులు చూసి, తర్వాత బిస్కెట్ అడిగాడు. పెద్దవాడు అరుపుతోనే లేచాడు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, ఊపిరందక ఆగి, మళ్ళీ అరిచాడు. నర్సు పరుగున వచ్చి నొప్పిమందు ఎక్కించింది. అది పనిచేయడానికి కొంచెం టైమ్ పడుతుందంది.

"నాన్నా, వాడికి వేసిందే నాకూ వేయించు!"

"ఇప్పుడు కుదరదురా బంగారం."

"వాడికే ఎందుకు వేయించావు? వాడే నీకిష్టమా?"

"కాదురా పిచ్చోడా! నువ్విష్టం కాబట్టే వద్దన్నాను. ఏదన్నా తేడా వస్తే వాడికే రావాలని..."

పక్క మంచం మీద చిన్నవాడు నమలడం ఆపాడు.

తల్లి లేచింది. "సరుకు చూసుకున్నారుగా. ఇంక బయట కూర్చోండి."

లెక్క చూస్తే లాభం లేకపోలేదు. ఇద్దరి కుట్లూ మానాయి. సూది మంచిదని తేలింది. దుకాణానికొచ్చిన వాళ్ళలో ఎవరింట్లోనైనా పిల్లలకు ఆపరేషనంటే "తప్పకుండా వేయించండి" అని అతనే చెబుతాడు. పెద్దవాడిప్పుడు దుకాణం వైపు రాడు. తండ్రి చెయ్యి వేస్తే ఒళ్ళు బిగించుకుంటాడు. చిన్నవాడు మాత్రం రోజూ వచ్చి పక్కన కూర్చుంటున్నాడు. తండ్రి ఏదైనా తినమని ఇస్తే నోట్లో పెట్టుకోడు.

"ముందు నువ్వు తిను," అంటాడు.

తండ్రి మింగేదాకా చూస్తాడు. ఆ తర్వాత కూడా కాసేపు చూస్తాడు.