రోగి ఓర్చుకుంది

మా ప్రసూతి ఆసుపత్రిలో చేర్చుకునే కాగితం నింపడం నా పని. పేరు, వయసు, ఎన్నో కాన్పు, చివర్న రంగు. రంగు మనిషిని అడిగి రాయాలని నియమం ఉంది. మా సాల్వడోర్ నగరంలో అదెవరు అడుగుతారు? తలెత్తి చూసి రాసేదాన్ని. తెలుపు, చామనఛాయ, నలుపు. పద్దెనిమిదేళ్ళలో నేను తప్పు రాశానని ఒక్కరూ అనలేదు.

ఇవొనీల్ది కాన్పుకు వచ్చిన రోజు తలెత్తి చూసే పని కూడా లేకపోయింది. పదకొండేళ్ళుగా ఆమె మా దగ్గరే నర్సింగ్ అసిస్టెంటు. నలుపంటే నిఖార్సయిన నలుపు, పొడుగాటి మనిషి. నొప్పులతో కేకలు పెట్టే ఆడవాళ్ళను దారికి తేవడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. తలమీద చెయ్యి వేసి, "ఏడవకే తల్లీ, మనవి గట్టి పిండాలు. మీ అమ్మ ఓర్చుకుంది, అమ్మమ్మ ఓర్చుకుంది, నీకేమొచ్చింది?" అనేది. వాళ్ళు నోరు మూసుకునేవాళ్ళు. డాక్టర్ ఎల్సియో అందరి ముందూ, "ఇవొనీల్ది పక్కనుంటే నాకు మత్తుమందుతో పనేముంది?" అనేవాడు. ఆమె మురిసిపోయేది.

ముప్పై ఆరో ఏట కడుపు పండింది. మొదటి కాన్పు. మొగుడు జెనివాల్దో సిటీబస్సు డ్రైవరు. ఆ సోమవారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, బట్టల సంచీ పట్టుకుని వెంట వచ్చాడు. కాన్పు దగ్గర తోడు ఒకరు ఉండొచ్చని చట్టమే ఉంది. అయినా కాపలావాడు అతని ఛాతీకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆడవాళ్ళ వార్డు. మగాళ్ళు లోపలికి రాకూడదు."

"ఇప్పుడే వెళ్ళాడుగా ఒక తెల్లాయన, కెమెరా మెళ్ళో వేసుకుని?"

"ఆయన సంగతి వేరు. నువ్వలా గుడ్లురిమితే లోపల ఆడవాళ్ళు జడుసుకుంటారు. పక్కకి నడు."

జెనివాల్దో నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను. అతను వెళ్ళి గేటు బయట అకరజే వడలమ్మే బండి నీడలో నిలబడ్డాడు.

పదకొండింటికి సంతకాల కోసం వార్డులోకి వెళ్ళాను. పాప అప్పటికే పుట్టింది. డాక్టర్ ఎల్సియో కుట్లు వేస్తున్నాడు. ఇవొనీల్ది మంచం కమ్మీ పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు పాలిపోయి కనిపించాయి.

"డాక్టర్ గారూ, మత్తు సూది వెయ్యలేదు మీరు."

"నాలుగు కుట్లే కదమ్మా. అయిపోవచ్చింది."

"పక్క మంచం ఆవిడకి వేశారు. నేను చూశాను."

"ఆవిడ సున్నితం. తట్టుకోలేదు. నీకు నేను చెప్పాలా?"

"నాకూ నొప్పి పుడుతోంది డాక్టర్ గారూ. మందు వెయ్యండి. అడుగుతున్నాను, వెయ్యండి."

హెడ్ నర్సు మార్లూసీ నవ్వింది. "అప్పుడు మొగుడి పక్కన నవ్వావుగా, ఇప్పుడేంటే ఈ ఏడుపు? నువ్వే ఇలా గోలపెడితే మిగతావాళ్ళకి బుద్ధులు చెప్పేదెవరు?"

మార్లూసీదీ నా రంగే, చామనఛాయ. ఆమె నవ్విందని నేనూ నవ్వాను.

కుట్లు అయ్యాక ఇవొనీల్ది నన్ను పిలిచింది. "జొరైదీ అక్కా, ఎవరినైనా పిలువు. నెత్తురు ఆగడం లేదు. ఇది మామూలుగా పోయేది కాదు, నాకు తెలుసు." మార్లూసీకి చెప్పాను. "ఇక్కడ పనిచేసేవాళ్ళు పురుడు పోసుకుంటే ఇదే తంటా. అన్నీ తెలుసంటారు" అని ఆమె భోజనానికి వెళ్ళిపోయింది. నేను నా కిటికీ దగ్గరికి తిరిగి వచ్చేశాను. రెండు గంటల తర్వాత, డ్యూటీ మారినప్పుడు, కొత్తగా వచ్చిన చిన్న డాక్టరమ్మ దుప్పటి ఎత్తి చూసి కేక పెట్టింది. ప్రాణం దక్కించడానికి గర్భసంచి తీసేశారు.

సాయంత్రం ఎల్సియో చెబుతుంటే రికార్డు నేనే టైపు చేశాను. 'రోగి ఓర్చుకుంది. మత్తు అవసరపడలేదు. అతిగా మాట్లాడింది.'

ఆమె ఫిర్యాదు పెట్టింది. సెలవు అయి వచ్చేసరికి ఆమెను పాత రికార్డుల గదిలో వేశారు. "బరువులెత్తకూడదు కదా, నీ మంచికే" అన్నారు. కిటికీ లేని గది. పైన గొట్టం కారుతూ ఉండేది. వాళ్ళు చేసిన పొరపాటు ఒక్కటే, ఆమెకు చదువొచ్చని మరిచిపోయారు.

నాలుగు నెలలు చదివింది. ఒకనాడు మధ్యాహ్నం నన్ను పిలిచింది. బల్ల మీద రెండు దొంతరలు పేర్చి ఉన్నాయి.

"నువ్వు తెలుపని రాసినవాళ్ళు వీళ్ళు. 'రోగికి ఆందోళనగా ఉంది, మత్తు ఇచ్చాం.' వరసగా అదే మాట. ఇవి నువ్వు నలుపని రాసినవి. 'ఓర్చుకుంది.' 'ఓర్చుకుంది.' ఈ పిల్లకి పదిహేనేళ్ళక్కా. ఇదీ ఓర్చుకుందట. ఈవిడ ఓర్చుకుంటూ ఓర్చుకుంటూ చచ్చిపోయింది."

ఆమె సొరుగులోంచి ఇంకో కట్ట తీసింది. పల్చటి కట్ట.

"ఇవీ 'ఓర్చుకుంది' అని రాసినవే, అరవై ఒకటి. సంతకం చూడు."

గుండ్రటి చేతిరాత, అందరికీ తెలిసిందే. ఇవొనీల్దిది.

"పైవాళ్ళు రాయమంటే రాశావు. నీ తప్పేముంది?" అన్నాను.

"ఎవరూ రాయమనలేదక్కా. నాకు ఒకరు చెప్పక్కర్లేకపోయింది."

ఆ కట్టను దాచేయమని చెప్పాను. చించేసినా అడిగేవాళ్ళు లేరన్నాను. ఆమె మూడు కట్టలూ కలిపి తాడుతో బిగించింది.

విచారణ సంఘంలో ఐదుగురు. పొడుగు బల్ల, నీళ్ళ సీసాలు. ఎల్సియో చాలా మర్యాదగా మాట్లాడాడు. "మా సిబ్బందిలో సగం మందికి పైగా నల్లవాళ్ళే. ఇవొనీల్ది మా ఇంటి పిల్ల లాంటిది. ఇక్కడ రంగు గొడవ ఎక్కడిది? పురిటి తర్వాత ఆడవాళ్ళకు మనసు బాగుండదు, పైగా పాపం గర్భసంచి పోయింది."

ఇవొనీల్ది కట్టలు ముందు పెట్టింది. "వీటిలో నావీ ఉన్నాయి. దాచుకోలేదు. నేనొక్కదాన్నే చెడ్డదాన్నయితే మీ పని తేలికయ్యేది. చదవండి."

తర్వాత నన్ను పిలిచారు. "ఆమె మత్తుమందు అడిగిందా? మీరు అక్కడున్నారట."

డాక్టర్ ఎల్సియో తన కలం మూత పెడుతూ, తీస్తూ ఉన్నాడు. పింఛనుకు నాకింకా ఆరేళ్ళుంది. ఇవొనీల్ది నా వైపు చూడలేదు. నేను నిజం చెబుతానని ఆమెకు నమ్మకం కాబోలు.

"సంతకాల కోసం వెళ్ళాను. నాకేం వినపడలేదు" అన్నాను.

మూడు వారాలకు తీర్పు వచ్చింది. మొత్తం రికార్డుల్లో అరవై ఒక్క సందర్భాల్లో మాత్రమే నిర్లక్ష్యానికి స్పష్టమైన రుజువు దొరికిందట. బాధ్యురాలు స్వయంగా ఒప్పుకుందట. మిగతావాటికి ఆధారాలు చాలవట. ఇవొనీల్దిని ఉద్యోగంలోంచి తీసేశారు. వార్త పేపర్లో పడింది, ఆమె ఫోటోతో. ఎల్సియో ఫోటో వెయ్యలేదు. ఆ పదిహేనేళ్ళ పిల్ల తల్లి లిబెర్దాజి పేటలో పేపరు చూసి ఇవొనీల్ది ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఆమె చంకలో చంటిపాప ఉండగానే మొహాన ఉమ్మేసింది. ఆమె తుడుచుకోలేదని, లోపలికి పిలిచి కూర్చోబెట్టిందని జెనివాల్దో బస్సులో ఎవరితోనో అంటుంటే విన్నాను. ఎల్సియోను 'ఆత్మీయ ప్రసవం' అని కొత్తగా పెట్టిన విభాగానికి అధిపతిని చేశారు. నన్ను డైరెక్టరు గారి గదికి మార్చారు. అక్కడ ఏసీ ఉంది.

మా చెల్లెలి కూతురు తాయానికి ఏడో నెల. ఇవొనీల్ది ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళకు జాగ్రత్తలు చెబుతుందని విని, నాకు చెప్పకుండా వెళ్ళింది. తెలిసి నేను పిలుచుకురావడానికి పోయాను. వాకిట్లో బెంచీ మీద ఐదారుగురు ఆడవాళ్ళు. ఇవొనీల్ది పాపకు గంజి తాగిస్తూ మాట్లాడుతోంది. నన్ను చూసింది, ఆపలేదు.

"అరిస్తే జంతువంటారు. అరవకపోతే ఓర్చుకుందంటారు. బతిమాలితే నాటకమంటారు. అందుకని పేరు పెట్టి పిలవండి, టైము చెప్పండి. 'ఫలానా డాక్టర్ గారూ, పదీ ఇరవైకి మందు అడిగాను, రాసుకోండి' అనండి. గొంతు లేవకూడదు."

"అలా అంటే వేస్తారా?" అంది తాయాని.

"వేసినా వెయ్యొచ్చు."

తాయాని నన్ను చూసి, "మా పెద్దమ్మ అక్కడే కదా, లోపలుండి చెప్పదా?" అంది.

ఇవొనీల్ది పాప మూతి తుడిచింది. "మీ పెద్దమ్మను ఇంట్లోనే ఉండమను. అవతలివాళ్ళ సాక్షిని మనమెందుకు తీసుకెళ్ళడం?" అంది. గొంతు లేవలేదు.

జూన్‌లో మా ఆసుపత్రిలోనే తాయాని కాన్పయింది. ఆ రోజు నేను సెలవు పెట్టాను. సాయంత్రం ఫోన్ చేసింది. పేరు పెట్టి పిలిచిందట, టైము చెప్పిందట, మూడుసార్లు. చివరికి మందు వేశారట.

"ముందే వేశారా?" అన్నాను.

"రెండు కుట్లయ్యాకలే పెద్దమ్మా. రెండేగా" అని నవ్వింది.

పాపకు పేరేం పెడుతున్నారని అడిగాను.