నీలంగా మెరిసిన పురుగులు

అక్కాచెల్లెళ్లిద్దరూ గాజు పెట్టెల్లో బుల్లి తోటలు పెంచి అమ్ముతారు. వాటిలో కుళ్లిన ఆకులు తినడానికి, తడి రాళ్ల కింద తిరిగే బూడిదరంగు పురుగుల్ని వదులుతారు. ముట్టుకుంటే ఉండలా చుట్టుకుపోతాయవి. ఒకరోజు ఆ గుంపులో ఒకటి నెమలి మెడలా నీలంగా మెరిసింది.

"అక్కా, కొత్త రంగు! మన పంట పండింది!" అని చెల్లెలు గంతేసింది.

తరవాత మరికొన్ని మెరిశాయి. చెల్లెలు వాటిని ఏరి వేరే పెట్టెలో పెంచింది. పక్కవీధి దర్జీ తాతకి రెండు ఇచ్చింది. చూపు మందగించి మిషను మూలపెట్టిన ఆయనకి ఆమె ఇచ్చిన గాజు తోటే కాలక్షేపం.

వెలుతురు పడితే దాక్కోవాల్సిన పురుగులు, మూత తీసినా కదలడం మానేశాయి. అక్కకి అనుమానం వచ్చి, పురుగుల మీద పరిశోధన చేసే మేనత్త కూతురికి చూపించింది.

"ఇది రంగు కాదు వదినా, వైరస్ జబ్బు" అందామె. "వైరస్ ఒంటినిండా పేరుకుపోతే ఇలా నీలంగా కనబడతాయి. మందు లేదు. చచ్చినదాన్ని తిన్నవాటికీ అంటుకుంటుంది. మనుషులకి మాత్రం రాదు."

ఇంటికొచ్చి చెబితే చెల్లెలు మండిపడింది. "మొదట్నించీ నా పురుగుల మీదే నీ ఏడుపు!"

నీలం పురుగుల మీద పోయడానికి అక్క పొయ్యి మీద నీళ్లు పెట్టింది. నీళ్లు మరిగాక చెల్లెలే వచ్చి గిన్నె అందుకుంది.

"నేనే పోస్తాను. నేనే పెంచాగా."

పోసి, ముఖం కడుక్కుని, దర్జీ తాత దగ్గరికి వెళ్లింది. తప్పయిందని చెప్పి పెట్టె ఇమ్మంది.

"నాకు అంటుకోదుగా?"

"నీకు కాదు తాతా. మిగతావన్నీ పోతాయి."

ఆయన పెట్టె ఆమె ముందుకు జరిపాడు. "సరే, బూడిదవి తీసుకెళ్లి విడిగా చూడు. నీలంవి ఈ సీసాలో వేసి వెళ్లు. నా కంటికి ఆనేవి అవే. ఉన్నన్నాళ్లు ఉంటాయి."

తీసుకెళ్లినవాటిలో కొన్ని నీలమై చచ్చాయి. మిగిలినవి నిలదొక్కుకుని పిల్లల్ని పెట్టాయి. చెల్లెలు ఆ పిల్లల్ని కొత్త పెట్టెలో వేసి తాతకి ఇచ్చింది. ఆయన సీసాలోవి అప్పటికే పోయాయి. ఆమె చెప్పినట్టే సీసాతో సహా మరిగే నీళ్లలో ముంచేశాడట.

"వీటిలో ఏదైనా మెరిస్తే?" అని అడిగాడు.

"వెంటనే నాకు ఫోన్ చెయ్యి."

"చేస్తాలేవే, కాసేపు చూసుకుని."