గుర్రపు బాదం కింద

తెనాలిలో పెళ్ళి పలావంటే సుల్తాన్ బీ పేరే చెప్పుకునేవారు. దమ్ పెట్టాక ఆమె మూత తీసి చూసేది కాదు. పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఆవిరిలో వాసన మారగానే "దించండి" అనేది. ఆ మాట ఏనాడూ తప్పలేదు.

డిసెంబరులో వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆ ముక్కును పట్టుకుపోయింది. అల్లమైనా అగరొత్తైనా ఆమెకిప్పుడు ఒకటే గాలి. ఎవరికీ చెప్పలేదు. వాసన తెలియని వంటమనిషిని ఎవరు పిలుస్తారు? రెండు పెళ్ళిళ్ళు అంచనా మీద నెట్టుకొచ్చింది. ఆ రెండుసార్లూ కోడలు ఆసియా పొయ్యి దగ్గరే తచ్చాడింది. "దించేద్దామా అత్తమ్మా?" అని అడిగింది. "నువ్వా నాకు చెప్పేది? అవతలికి పో" అని కసిరిందే గానీ, వెంటనే దించేసింది కూడా. ఈ పిల్ల నా గరిటె మీద కన్నేసింది అని లోలోపల కుతకుతలాడింది.

ఆదివారం రేపల్లెలో నికా. ఈసారి ధైర్యం చాలడం లేదు. ఈ షికారు అయి ఇంటికి వెళ్ళగానే కొడుకుతో, వంటలు ఇక మానేస్తాననే చెప్పేయాలనుకుంది.

సూర్యలంక బీచికని బయలుదేరిన కారును బాపట్ల దగ్గర బొటానికల్ గార్డెన్ ముందు ఆపించింది ఆసియాయే. లోపలికి వచ్చిన దగ్గర్నుంచీ రాలిన ఆకో పువ్వో ఏరుకొచ్చి అత్త చేతిలో పెడుతోంది.

"నీలగిరి ఆకండి. నలిపి చూడండి. ఎలా ఉంది?"

"బాగుంది."

"ఇది పొగడపువ్వు."

"ఇదీ బాగుంది."

"అన్నీ బాగుంటే ఎలాగమ్మా?" అన్నాడు కొడుకు ఫహీం.

"బాగాలేదనడానికి ఇదేమన్నా నీ పెళ్ళాం పెట్టిన చేపల పులుసా?"

ఎప్పుడూ ఇలాంటి మాటకు నవ్వేసే ఆసియా ఈసారి నవ్వలేదు. అత్త మొహంలోకే చూస్తోంది.

దారి మలుపు తిరగ్గానే సుల్తాన్ బీ ఆగిపోయింది. కుడికాలి చెప్పు తీసి అడుగు చూసింది. గడ్డికేసి రుద్దింది. రెండోది కూడా తీసి చూసింది.

"టిక్కెట్లు పెట్టి మరీ ఇంత గలీజా? కుక్కల్ని ఎవరు రానిచ్చారు?"

ఫహీం అప్పటికే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "కుక్క కాదమ్మా. అదుగో, ఆ చెట్టు."

ఆకు లేని కొమ్మల నిండా ఇటుకరంగు పూలు. చెట్టు మొదలు దగ్గర బోర్డు మీద 'గుర్రపు బాదం' అని రాసి ఉంది. దానికింద నడుస్తున్న కాలేజీ ఆడపిల్లలు చున్నీలు మూతికి చుట్టుకుని ఒకరినొకరు తోసుకుంటూ పరిగెత్తారు.

సుల్తాన్ బీ చెప్పు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. మెల్లగా ఊపిరి పీల్చింది. అచ్చం పశువుల కొట్టంలో కుళ్ళిన పేడ కంపు. మళ్ళీ పీల్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పద అమ్మా, ఇక్కడ నిలబడలేం."

"నువ్వు పోయి కారులో కూర్చో. మేం వస్తాం."

ఫహీం తల పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆసియా కొంగు ముక్కుకు నొక్కుకుని దగ్గరగా వచ్చింది.

"వచ్చిందా అత్తమ్మా?"

"ఏంటి వచ్చేది?"

"వాసన."

సుల్తాన్ బీ కోడలి వైపు తిరిగింది. "నీకెలా తెలుసు?"

"జనవరిలో పాలు మాడిపోతుంటే పెరట్లోంచి నేనొచ్చి దించాను. మీరు పొయ్యి ముందే కూర్చుని చిక్కుళ్ళు తుంచుతున్నారు."

"మరి వాడికి చెప్పలేదే?"

"మీరే చెప్పలేదు కదండి."

సుల్తాన్ బీకి గుండెల మీద నుంచి పలావు డేగిసా దించినట్టయింది. చెప్పులు వేసుకోబోయి తూలింది. కోడలు భుజం పట్టుకుని నిలబెట్టింది. ఆ చేతికి నీలగిరి వాసన. నలిపిన పొగడపువ్వుది కూడా, సన్నగా.

"ఆదివారం పెందలాడే లేచి తయారవ్వు," అంది సుల్తాన్ బీ. "దమ్ దగ్గర రెండు పీటలు వేయిద్దాం."

"అవతలికి పొమ్మనరుగా?"

"అంటాను. అన్నా పోకు."