బ్లూమా అరచెయ్యి

విన్నిపెగ్ నగరంలో యూదుల ఇంట ఆడమనిషి పోతే మొదటి ఫోన్ మిన్నాకే వచ్చేది. ఆమె ఉంగరాలు తీసి కిటికీ గట్టు మీద పెట్టి, వెన్న రాసిన రొట్టె రెండు ముక్కలు తిని, మంచు బూట్లు తొడుక్కుని బయల్దేరేది. పోయినవాళ్లకి స్నానం చేయించడం, ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే పని. అంత్యస్నానంలో మూడు బకెట్ల నీళ్లు ధార తెగకుండా పొయ్యాలి. ఒకరి బకెట్ అయిపోకముందే రెండోవాళ్లు అందుకోవాలి. తెగితే మళ్లీ మొదలు. మిన్నా తర్వాత బ్లూమా, బ్లూమా తర్వాత లీబా. వాళ్ల ముగ్గురి చేతుల్లో ధార ఎన్నడూ తెగలేదు.

పోయినావిడకి ఎవరితోనైనా తేలని సంగతి ఉంటే, ఆవిడ చెయ్యి ముడుచుకుని వాళ్ల వేలు పట్టుకునేది. అందుకని చుట్టాల్ని బయట వరండాలో కూర్చోబెట్టి ఒక్కొక్కరినే లోపలికి పిలిచేవారు. స్ప్రింట్సా పోయినప్పుడు తన తోడికోడలి వేలు అరగంట వదల్లేదు. "సరేనే తల్లీ, తేనె కేకు నేర్పినప్పుడు అల్లం సంగతి కావాలనే దాచాను," అని ఆవిడ ఒప్పుకున్నాకే వదిలింది.

2023 అక్టోబర్‌లో ఇజ్రాయెల్ మీద జరిగిన దాడిలో, అక్కడ ఉంటున్న మిన్నా అక్క కూతురు చనిపోయింది. దుఃఖదినాలు ఏడూ బ్లూమా వచ్చి పక్కన కూర్చుంది. ఇంట్లో అద్దాలకి గుడ్డలు కప్పింది. గుడ్లు ఉడకబెట్టి, ఒలిచి, నోట్లో పెట్టింది. ఆ వారమే మిన్నా మనవడు నోవామ్ అక్కడ సైన్యంలోకి వెళ్లాడు. జనవరిలో మిన్నా ఇజ్రాయెల్‌కి మద్దతుగా సభ పెడితే, రోడ్డుకి అవతల మంచులో బ్లూమా ఒక అట్ట పట్టుకుని నిలబడింది. గాజాలో పిల్లల్ని చంపడం ఆపమని దాని మీద రాసి ఉంది.

అంత్యస్నానాల సంఘం సమావేశమైన రోజు మిన్నా లేచింది.

"ఆ అట్ట పట్టుకున్న చెయ్యి మనవాళ్ల ఒంటి మీద పడకూడదు."

"నోవామ్ క్షేమంగా రావాలని నేనూ రోజూ దేవుణ్ణి అడుగుతున్నానే," అంది బ్లూమా.

"నువ్వు అడక్కు. వాడి పేరెత్తకు."

బ్లూమాని తీసెయ్యాలనేవాళ్లని చెయ్యెత్తమన్నప్పుడు అందరికంటే ముందు మిన్నా ఎత్తింది. బ్లూమా ఏప్రాన్ మడిచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

యూదులకి ఏటా శరత్కాలంలో వచ్చే ప్రాయశ్చిత్త దినానికి ముందు, నొప్పించినవాళ్ల ఇంటికి వెళ్లి క్షమాపణ అడగాలి. మూడుసార్లు అడిగితే అడిగినవాళ్ల బాధ్యత తీరిపోతుంది. ఆపైన బరువంతా కాదన్నవాళ్లది. ఆ ఏడు బ్లూమా వచ్చి తలుపు తట్టింది. మిన్నా తియ్యలేదు. వారానికి మళ్లీ వచ్చింది.

"అట్ట పట్టుకున్నందుకు కాదే. నీకు ముందు చెప్పకుండా వెళ్లి నిలబడ్డందుకు వచ్చాను," అంది తలుపవతల నుంచి.

మిన్నా గొళ్లెం మీద చెయ్యి వేసింది కానీ తియ్యలేదు. మూడోసారి తీద్దామనుకుంది. ఆ తర్వాత రోజూ సాయంత్రం గడియ పెట్టకుండా కూర్చుంది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున బ్లూమా పోయింది. సూర్యుడు కుంగితే సబ్బాతు, విశ్రాంతి దినం, మొదలవుతుంది, ఆలోగా మట్టిలో పెట్టాలి. ఆ రోజు మిన్నాకి రొట్టె దిగలేదు. ఈమధ్య మతిమరుపు వస్తోందని, అనాల్సిన మాటలన్నీ దారి పొడుగునా వల్లె వేసుకుంది.

బ్లూమా చెయ్యి వెల్లకిలా తెరిచి ఉంది. మిన్నా తన వేలు ఆ అరచేతిలో పెట్టింది. ఆ చెయ్యి ముడుచుకోలేదు.

"నీళ్లు చల్లారుతున్నాయే," అంది లీబా.

"ఒక్క నిమిషం."

"ఎన్ని నిమిషాలైనా అంతే. మూడుసార్లు అడిగేసింది. ఇంక దానికి నీతో ఏం పని?"

"రెండుసార్లే లీబా."

"మూడోసారి ఒక మధ్యాహ్నం నేనే కార్లో తీసుకొచ్చాను. నువ్వు జెండా పట్టుకుని ఊరేగింపుకి వెళ్లావు. ఖాళీ ఇంటి ముందు నిలబడి చెప్పాల్సింది చెప్పుకుంది. రేపు మళ్లీ వద్దామే అంటే, రేపు ఆస్పత్రిలో చేరాలంది."

మిన్నా చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. రాలేదు. బ్లూమా అరచెయ్యి తెరిచిన తెరిచినట్టే ఉంది. మిన్నా చెయ్యే బ్లూమా చిటికెనవేలు చుట్టూ బిగుసుకుపోయింది.

లీబా సబ్బునీళ్లు పోసి మెల్లిగా ఆ వేలు బయటికి జార్చింది. మిన్నా పిడికిలి మాత్రం విడలేదు. ఆమె బకెట్ ఎత్తలేకపోయింది. వరండాలోంచి ఇంకో ఇద్దరిని పిలిచారు. ధార రెండుసార్లు తెగింది.

"పోయినవాళ్లని క్షమించమని అడగాలంటే, పదిమందిని సమాధి దగ్గరికి తీసుకెళ్లి వాళ్లందరూ వినేలా చెప్పాలమ్మా," అన్నాడు మతగురువు రబ్బీ.

మిన్నా ఇల్లిల్లూ తిరుగుతోంది. "ఆవిడ సమాధికా? నేను రాను," అంటున్నారు మిన్నాతో పాటు చెయ్యెత్తినవాళ్లు. "మీతోనా? మీరు ఒక్కరే వెళ్లండి," అంటున్నారు బ్లూమాతో పాటు రోడ్డు మీద నిలబడినవాళ్లు. తొమ్మిదో మనిషి ఒప్పుకున్న వారంలోనే ఇద్దరు మానుకున్నారు.

రోజూ స్టవ్ దగ్గర నిలబడి, బ్లూమాకి చెప్పాల్సిన మాటలు పైకి చెప్పుకుంటుంది మిన్నా. నిన్న వాటిలో ఒక మాట తగ్గింది. ఉన్నవైనా రాసిపెట్టుకుందామంటే ఆ రోజు బిగిసిన కుడిచెయ్యి ఇంకా తెరుచుకోవడం లేదు.