దొలోరా చల్లారిన టీ, ఫిలుమేనా ఎగరేయని జెండా

ఇలా దగ్గరికి జరగండి. ఆ కుర్చీ ఎండలోంచి నీడలోకి లాక్కోండి. ఇవిగో బఠాణీలు, వలుస్తూ వినండి. చేతులు ఊరికే ఉంటే చెవులు కూడా బద్ధకిస్తాయి.

మా గోజో దీవిలో, బడి దాకా ఏటవాలుగా ఎక్కే మా వీధిలోనే జరిగింది ఇది. మాకు పార్టీ అంటే ముక్కు లాంటిది. పుట్టుకతో వస్తుంది, పోయేదాకా ఉంటుంది, ఎవరిది ఎలాంటిదో ఊరందరికీ తెలుసు. అందుకని ఎన్నికల రోజున అవతలివాళ్ళని ఇటు తిప్పుదామని ఎవరూ నోరు పాడుచేసుకోరు. మనవాళ్ళని గుమ్మం దించి బడి దాకా నడిపిస్తే అదే పదివేలు. బడిలో ఓట్లు వేసే గది దగ్గర పార్టీ మనిషి కూర్చుని ఎవరొచ్చారో ఎవరు రాలేదో చూస్తుంటాడు. రానివాళ్ళ సంగతి పార్టీ క్లబ్బుకి చేరుతుంది. క్లబ్బునుంచి ఆ వీధి పెద్దకి ఫోను వస్తుంది. వీధి పెద్ద వెళ్ళి తలుపు బాదుతుంది. జ్వరం, మోకాళ్ళ నొప్పి, పొయ్యి మీద కుందేలు కూర, ఏ సాకూ చెల్లదు.

మా వీధికి పెద్ద ఫిలుమేనా. మనిషి పొట్టి, గొంతు మాత్రం గుడి గంట. వీధిలో మనవాళ్ళ ఓట్లన్నీ పడిపోతే వీధి పెద్ద తన బాల్కనీకి జెండా కట్టాలి. అది చూసి క్లబ్బులో చప్పట్లు కొడతారు. ఫిలుమేనా జెండా ఏ ఎన్నికలోనూ సాయంత్రం చర్చి గంటలు కొట్టేదాకా ఆగలేదు. ఆవిడకి ఉన్న గొప్ప అదొక్కటే, దాన్ని ఇస్త్రీ చేసి మరీ దాచుకునేది.

ఆ సంవత్సరం మాత్రం జెండా మడత విప్పలేదు. ఎదురింట్లో ఉన్న సొంత అక్క దొలోరా గుమ్మం దిగలేదు మరి.

ఎందుకంటారా? ఎన్నికలకి ముందు మా పార్టీ తరఫున నిలబడ్డ లాయరుగారు ఇల్లిల్లూ తిరుగుతూ మా వీధికి వచ్చారు. ఆయన వస్తారని దొలోరా పరదాలు ఉతికింది, పెళ్ళినాటి కప్పులు దించి కడిగింది, బాదం కేకు చేసింది. ఫిలుమేనా ఏం చేసింది? వీధి మొదట్లోనే ఆయన్ని చేయి పట్టి తన ఇంట్లోకి లాక్కుపోయింది. ఖర్జూరం కూరి వేయించిన ముక్కలు పళ్ళెం నిండా పెట్టింది. ఆయన తింటున్నంతసేపూ వీధి దీపం వెలగడం లేదనీ, కాలవ కంపు కొడుతోందనీ, మనవరాలికి ఉద్యోగం లేదనీ చెప్పింది. అన్నీ వినేసరికి ఆయనకి పొద్దుపోయింది. బయటికొచ్చి, ఎదుటి గుమ్మంలో కొత్త గౌనుతో నిలబడ్డ దొలోరాకి చెయ్యి ఊపి కారెక్కేశారు.

ఆ ఊపిన చెయ్యి దొలోరా గుండెలో గుచ్చుకుంది. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు.

"నేనేమన్నా ఆయన్ని కట్టేశానా? కాళ్ళున్నాయి, నాలుగడుగులు వేయొచ్చుగా," అని ఫిలుమేనా వీధంతా చెప్పుకుంది. అక్కతో మాత్రం చెప్పలేదు.

సరే, ఎన్నికల రోజు వచ్చింది. తెల్లారినప్పటి నుంచి ఫిలుమేనాకి ఊపిరి సలపలేదు. రొట్టెలవాడిని పొయ్యి దగ్గర్నుంచి లేపింది, పక్షవాతం వచ్చిన ముసలాయన్ని కుర్చీతో సహా మోయించింది. దొలోరా మొగుడు ఈ గొడవలో ఇరుక్కోవడం ఇష్టంలేక పొద్దున్నే ఓటు పడేసి పడవ తీసుకుని చేపలకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికల్లా మనవాళ్ళ ఓట్లన్నీ పడిపోయాయి, దొలోరాది తప్ప.

ఫిలుమేనా క్లబ్బు కారు తోలే సల్వుని పంపింది. వెళ్ళినవాడు ఎంతకీ రాడు. చివరికి మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమందిరా?"

"పెద్దమ్మ కొత్త బూట్లు వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది పిన్నీ. కారెక్కమంటే కేకు తినమంది."

"తిన్నావా?"

"రెండు ముక్కలు. తప్పుగా అనుకోకు గానీ, ఆ కేకు ముందు మన పార్టీ ఏపాటి."

"నీ కడుపు కాలా. ఓటు తెమ్మంటే బాదంపప్పు తిని వచ్చాడు వీడు."

ఇక లాభం లేదని ఏకంగా లాయరుగారి చేతే ఫోను చేయించింది. తన బాల్కనీలో నిలబడి చెవి రిక్కించింది. ఎదుటి గుమ్మంలోంచి దొలోరా గొంతు తాపీగా వినిపించింది. "బాబూ, నువ్వు పుట్టకముందు నుంచే నేను ఈ పార్టీకి ఓటేస్తున్నాను. నన్ను బతిమాలక్కర్లేదు. నా టీ చల్లారింది, అంతే." టక్కున ఫోను పెట్టేసింది.

ఈ తమాషా అంతా అవతలి పార్టీ వెంజు తన గుమ్మం ముందు కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. తన ఓటు పొద్దున్నే వేసేశాడు. ఇక మా ఓట్లు పడకుండా ఉంటే చూసి ఆనందించడమే పని.

"ఫిలుమేనా, ఆ జెండా ఇవ్వరాదూ? మా ఆవిడ వంటింట్లో చేతులు తుడుచుకుంటుంది," అన్నాడు.

ఫిలుమేనాకి ఒళ్ళు మండింది. అక్కతో మాట్లాడదు, మాట్లాడకుండా ఉండలేదు. బాల్కనీ మీంచి వంగింది.

"వెంజూ, కొంతమందికి చెప్పు. నాన్న నాటు పడవలో సముద్రం దాటొచ్చి మరీ ఓటేశాడని. ఆయన కడుపున పుట్టినవాళ్ళు కప్పు టీ కోసం అలగరని."

వెంజు దొలోరా వైపు తిరిగాడు. "విన్నావుగా, నేను మళ్ళీ చెప్పక్కర్లేదుగా."

"వెంజూ, పైనుంచి అరుస్తున్నవాళ్ళకి చెప్పు," అంది దొలోరా, సంచీ మీది దుమ్ము దులుపుతూ. "నాన్న పడవ దిగగానే ముందు తన అక్క ఇంటికెళ్ళి, ఆమెని చేయిపట్టుకుని తీసుకెళ్ళేవాడని."

"ఇది బాగుంది," అన్నాడు వెంజు. "మీ పార్టీలో ఇన్నాళ్ళకి నాకో ఉద్యోగం దొరికింది."

"వెంజూ, ఆవిడకి కారు పంపానని చెప్పు."

"వెంజూ, కారుకి చెయ్యి ఉండదని చెప్పు."

ఫిలుమేనా మళ్ళీ నోరు తెరిచేలోపు ఫోను మోగింది. క్లబ్బులో లెక్కలు చూసే విస్టిన్. "ఫిలుమేనా, అన్ని వీధులూ అయిపోయాయి. మీ అక్కాచెల్లెళ్ళ సంగతేదో తేల్చుకోండమ్మా, మేమంతా ఎదురుచూస్తున్నాం," అన్నాడు. ఆయన గొంతులో ఏదో నసుగుడు ఉంది గానీ, ఫిలుమేనాకి పట్టించుకునే తీరిక లేదు.

ఫోను పెట్టేసింది. మడతపెట్టిన జెండా కేసి చూసింది, కింద అక్క కొత్త బూట్ల కేసి చూసింది. దొలోరాకి ఆ బూట్లు కరుస్తాయి. ఎప్పుడూ పండక్కి వేసుకుని దారిలోనే విప్పేస్తుంది. అలాంటిది పొద్దుటి నుంచీ విప్పకుండా కూర్చుంది.

ఫిలుమేనా మెట్లు దిగింది, వీధి దాటింది. పలకరించకుండానే వెళ్ళి అక్క పక్కన గుమ్మంలో చతికిలబడింది. వెంజు కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

 దొలోరా లోపలికెళ్ళి పెళ్ళినాటి కప్పులో టీ, పళ్ళెంలో కేకు తెచ్చి చెల్లెలి ఒళ్ళో పెట్టింది. ఫిలుమేనా ఓ ముక్క కొరికింది.

"పంచదార తగ్గింది."

"నీ నోటికి ఎప్పుడు సరిపోయింది కనక."

"టీ వేడిగా ఉంది."

"పొద్దుటి నుంచీ ఎన్నిసార్లు పెట్టానో."

 ఫిలుమేనా ఓ గుక్క టీ తాగింది. "ఆయన్ని అంతసేపు కూర్చోబెట్టి ఉండకూడదు నేను," అంది కప్పులోకి చూస్తూ.

"కాలవ కంపు సంగతి చెప్పావా ఆయనకి?"

"చెప్పాను."

"మంచిపని చేశావు."

"అయితే ఇక లే అక్కా. వెళ్ళి ఓటేసిరా."

"నేనొక్కదాన్నే ఎందుకు వెయ్యాలి?"

"మరి ఎవరితో వేస్తావు?"

దొలోరా చెల్లెలి మొహంలోకి వింతగా చూసింది. "ఒసే పిచ్చిదానా, నువ్వు వేశావటే?"

ఫిలుమేనా చేతిలో కేకు ముక్క చేతిలోనే ఉండిపోయింది.

వేయలేదు. వీధినంతా లేపింది, మోయించింది, తిట్టింది, తోలింది. తన ఓటు తన ఇంట్లోనే ఉంది. పోలీసు ముందే ఇంటికి తెచ్చి ఇచ్చిన, బడిలో చూపించాల్సిన ఓటు కాగితం మేరీమాత పటం వెనక దోపింది దోపినట్టే ఉంది. మొట్టమొదటి ఓటు నుంచీ ప్రతిసారీ పొద్దున్న చర్చిలో పూజ అవ్వగానే దొలోరా వచ్చి తలుపు కొట్టేది, "రావే" అనేది, ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఆ ఎక్కుడు ఎక్కేవాళ్ళు. ఈసారి ఆ తలుపు చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోతే ఫిలుమేనాకి తన ఓటనేది ఒకటుందనే గుర్తు లేదు.

"తెలిసీ చెప్పవేం?" అంది చిన్నగా.

"మాటల్లేవుగా."

వెంజు కుర్చీలోంచి నిట్టూర్చాడు. "రెండు ఓట్లు. కదలకుండా కూర్చుని రెండు ఓట్లు సంపాదించాననుకున్నాను. ఇంకాసేపు తిట్టుకుంటే మీ సొమ్మేం పోయింది?"

"నీకు తెలుసా నేను వెయ్యలేదని?"

"వీధంతటికీ తెలుసు. విస్టిన్‌కీ తెలుసు. నీతో చెప్పే ధైర్యం ఎవరికుంది?"

ఫిలుమేనా పరుగున వెళ్ళి కాగితం తెచ్చుకుంది. దొలోరా చాచిన చెయ్యి పట్టుకుని లేపింది. అక్క మోకాళ్ళకీ ఆ బూట్లకీ తగ్గట్టు ఇద్దరూ మెల్లగా ఎక్కారు. ఎందుకైనా మంచిదని సల్వు కారుని వెనకే నత్తలా నడిపించాడు. చూసేవాళ్ళకి అచ్చం పండగ ఊరేగింపే. గంటలు కొట్టేవేళకి బడికి చేరారు. ఇద్దరూ లోపలికి రాగానే గది దగ్గర కూర్చున్న మా పార్టీ మనిషి గట్టిగా ఊపిరి వదిలాడట.

బయటికొచ్చాక ఫిలుమేనా ఆగలేకపోయింది. "లాయరుగారికే ఒకటో నంబరు ఇచ్చావుగా?"

మా దగ్గర ఒక్కో పార్టీకీ చాలామంది నిలబడతారు, ఇష్టాన్నిబట్టి నంబర్లు వేస్తాం.

"ఆయనకి ఆరో నంబరు," అంది దొలోరా. "ఒకటి ఆ టీచరమ్మకిచ్చాను."

"ఆవిడ మన వీధికి రానే లేదు కదే."

"అదే మరి. ఎవరింటికీ రాలేదు. అందర్నీ సమానంగా చూసింది."

ఇంటికొచ్చాక జెండా బయటికి వచ్చింది. కానీ ఫిలుమేనా దాన్ని తన బాల్కనీకి కట్టలేదు. అక్క ఇంటి బాల్కనీకి కట్టింది. తాడు ముడి పడక తిప్పలు పడుతుంటే కింద నిచ్చెన పట్టుకున్నదెవరనుకున్నారు? వెంజు. "ఈ సంగతి మా క్లబ్బులో తెలిస్తే నన్ను వెలివేస్తారు," అని గొణుగుతూ, ఇంకో చేత్తో కేకు తింటూ పట్టుకున్నాడు.

బఠాణీలు అయ్యాయా? అయితే ఇంటికెళ్ళండి. వెళ్ళాక ఈ కథ మీవాళ్ళకి చెప్పండి, మరిచిపోకండి. పొడుగైతే వెంజుని వదిలేసినా పరవాలేదు, వాడు అవతలి పార్టీవాడేగా. దొలోరా కరిచే బూట్లు మాత్రం వదలొద్దు. ఓట్ల రోజున ఊరందరి తలుపులూ కొట్టేవాళ్ళు మీ వీధిలో ఉంటే, వాళ్ళ తలుపు ఎవరైనా కొట్టారో లేదో ఒకసారి వెళ్ళి చూడండి.