సముద్రం కింద రసూల్ భాయ్

భద్రాచలంలో చర్ల రోడ్డు మీదున్న గిన్నెల దుకాణం గులాం రసూల్‌ది. మనిషి బంగారమే, నోరే అదుపులో ఉండదు. ఎక్కువ సరుకు అమ్మిన దుకాణదారులకు కుక్కర్ల కంపెనీ వాళ్లు అండమాన్ యాత్ర బహుమతిగా పెట్టారు. అది కాస్తా ఇతనికి వచ్చేసరికి ఇక పట్టపగ్గాలు లేకుండా పోయాయి. విమానం, హోటలు, ఆపైన సముద్రంలోకి దిగి పగడపు దిబ్బలు చూడటం కూడా అందులోనే ఉన్నాయట.

"గోదారి వరదల ఈదినోణ్ని, సముద్రం నాకో లెక్కనా? ఖమర్‌ని చెయ్యి పట్టుకొని తీస్కపోయి అన్నీ చూపిస్త," అని పక్క టీకొట్టు పగిడయ్యతో అన్నాడు. పగిడయ్య చెవిన వేస్తే ఊళ్లో చాటింపు వేసినట్టే. ఆ మర్నాటి నుంచి దుకాణానికి వచ్చిన ప్రతి మనిషీ గిన్నె ధర అడగడం మానేసి సముద్రం సంగతే అడిగాడు.

రసూల్ భార్య ఖమరున్నీసాకు ఈత రాదు. గోదావరిలోనే మోకాలి లోతు దాటి ఎన్నడూ దిగలేదు. అయినా రానని అనలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో భర్త ఆమెను దూరం తీసుకువెళ్లింది ఏదన్నా ఉంటే, అది హైదరాబాద్ దవాఖానాకే. ఆ సంగతి రసూల్‌ను లోలోపల కొరుకుతూనే ఉండేది. ఈ ఒక్కసారైనా పక్కనుండి ఆమెకు లోకం చూపించాలని అతని ప్రాణం కొట్టుకుపోయేది.

తీరా అక్కడికి వెళ్లాక కథ అడ్డం తిరిగింది.

దీవి ఒడ్డున, నడుము లోతు నీళ్లలో పాఠం చెప్పే అమ్మాయి పేరు రాజ్యశ్రీ. తాతల నాడు శ్రీకాకుళం నుంచి పోర్ట్ బ్లెయిర్ చేరిన కుటుంబం కాబట్టి తెలుగు చక్కగా మాట్లాడుతుంది. ఇద్దరి వీపులకూ గాలి సిలిండర్లు కట్టించి, నోట్లో గొట్టాలు పెట్టించి, ఒకటే సూత్రం చెప్పింది.

"నీళ్లలో ఊపిరి బిగపట్టకూడదండి. పీలుస్తూ, వదులుతూనే ఉండాలి. బిగపట్టి పైకొచ్చారంటే ప్రాణానికే ప్రమాదం."

ఖమరున్నీసా మొదటిసారే బుడగలు వదులుతూ హాయిగా కూర్చుంది. నీళ్ల గురించి ఏమీ తెలియదు గనక చెప్పింది చెప్పినట్టు చేసింది. రసూల్ మునిగాడు, ఒక్క బుడగా లేదు. మళ్లీ మునిగాడు, మళ్లీ అంతే. గోదావరిలో ఈత నేర్చిన ఒళ్లాయె, తల మునిగిందంటే ఊపిరి దానంతటదే బిగుసుకుంటుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారా?

"సారీ అంకుల్, ఇలాగైతే మిమ్మల్ని లోతుకి తీసుకెళ్లలేను. ఆంటీ ఒక్కరూ రావొచ్చు," అంది రాజ్యశ్రీ.

రసూల్ మొహం మాడిపోయింది. ఒడ్డుకొచ్చి ఇసుకలో కూలబడ్డాడు. పగిడయ్యకు ఏ మొహం చూపించాలన్న బాధ ఒకటి ఉండనే ఉంది. అంతకన్నా, అన్నీ చూపిస్తానని ఇంత దూరం తెచ్చి చివరికి ఆమెను ఒంటరిగా పంపాల్సి వచ్చిందే అన్న దిగులు అతన్ని పిండేసింది.

"నువ్వు పో ఖమర్. చూసొచ్చి నాకు చెప్పు," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

"నేనొక్కదాన్నే పోయి ఏం జేస్త?" అని ఖమరున్నీసా రాజ్యశ్రీ వైపు తిరిగింది. "బేటీ, ఇంకొక్కసారి చూడు. ఈసారి ఈయన చెయ్యి నేను పట్టుకుంట."

దుకాణం లేని రోజుల్లో ఆ ఇద్దరిదీ కళాయి పని. చర్ల సంతలో బొగ్గుల కొలిమి పెట్టుకుని, జనం తెచ్చిన ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూసేవాళ్లు. గిన్నె అతని చేతిలో, కొలిమికి గాలి కొట్టే తోలుతిత్తి ఆమె చేతిలో. గాలి ఆగితే తగరం గడ్డకడుతుంది, ఎక్కువైతే మాడుతుంది. అందుకని ఆమె ఒకే తీరున నొక్కేది, వదిలేది. ఏళ్ల తరబడి అతని పనంతా ఆ వరస మీదే నడిచింది.

మళ్లీ మునిగారు. ఖమరున్నీసా అతని అరచేతిని నొక్కింది, వదిలింది. నొక్కింది, వదిలింది. మొదట ఏమీ జరగలేదు. కాసేపటికి అతని ఒంటికి ఆ చెయ్యి గుర్తొచ్చింది. ఆమె నొక్కినప్పుడు ఊపిరి వదిలాడు, వదిలినప్పుడు పీల్చాడు. బుడబుడమని బుడగలు పైకి లేచాయి.

రాజ్యశ్రీ ఊరికే నమ్మలేదు. పదే పదే ముంచి చూసింది, తోడుకు ఇంకో శిక్షకుణ్ని పిలిచింది. అప్పుడు గానీ సరేననలేదు. "పదండి ఇద్దరూ. చెయ్యి మాత్రం వదలకండి," అంది.

అలా రసూల్ భాయ్ సముద్రంలోకి దిగి, క్షేమంగా పైకొచ్చాడు. కింద ఉన్నంతసేపూ ఖమరున్నీసా రెండో చేత్తో అటు చూపించింది, ఇటు చూపించింది. అతను అన్నిటికీ తలూపాడు.

ఊరికి తిరిగొచ్చిన పొద్దున దుకాణం ముందు పెద్ద గుంపే చేరింది. ఇక కోతలు మొదలవుతాయని పగిడయ్య టీ కాయడం కూడా ఆపేశాడు.

"చెప్పు భాయ్, ఏమేం చూసినవ్?"

"ఖమర్‌ని అడుగు," అన్నాడు రసూల్.

ఖమరున్నీసా చెప్పింది. క్యాబేజీల్లా విచ్చుకున్న పగడాలు, గుంపులు గుంపులుగా పసుప్పచ్చ చేపలు, పక్క నుంచే తాపీగా ఈదుకుంటూ పోయిన తాబేలు. జనం నోళ్లు తెరుచుకుని విన్నారు.

"గంత పెద్ద తాబేలా? నువ్వు గూడ చూసినవా భాయ్?"

"తాబేలు గిట్ల నాకేం తెల్వదు పగిడయ్యా," అన్నాడు రసూల్. "ఈమె చెయ్యి మీదకెల్లి కన్ను తిప్పితే ఊపిరి తప్పుతదేమోనని, ఉన్నంతసేపు ఆ చెయ్యే చూసిన."

పగిడయ్య ఆటపట్టించబోయి, ఖమరున్నీసా మొహం చూసి ఊరుకున్నాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, పెదాల మీద మాత్రం నవ్వు ఆగడం లేదు.